పక్షవాతం తరువాత వేసే అడుగు

సఖినేటిపల్లి రేవులో పంటు దిగి గట్టెక్కాలంటే వాలుగా ఉన్న నేల మీద కొన్ని అడుగులు వేయాలి. నరసాపురం బజారుకు, ఆసుపత్రికి పోయివచ్చేవారు ఆ వాలును లెక్కచేయరు. పక్షవాతంతో ఒక ప్రక్క చచ్చుబడిన వ్యక్తికి మాత్రం అదొక కొండ. కాలు కదిలినా పాదం ముందుభాగం పైకి లేవదు. వేళ్ళు నేలను రాసుకుంటాయి. అందుకే అతడు కాలిని ప్రక్కకు విసరి, అర్ధచంద్రాకారంగా త్రిప్పి వేస్తాడు. పది అడుగులకే అలసట, పడిపోతానేమోనన్న భయం. ఆ భయమే క్రమంగా మనిషిని మంచానికి అంకితం చేస్తుంది.

ఆ పాదాన్ని లేపడానికే ధరించే యంత్రాలు వచ్చాయి. వాటిలో కొన్ని ఇనుప చట్రాలు. అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు రూపొందించినది మాత్రం దాదాపు ఒక వస్త్రం. ఆ పరిశోధన నుండి పుట్టిన ‘రీస్టోర్’ అనే పరికరంలో నడుము పట్టీకి మోటార్లు, అక్కడి నుండి బూటు వరకు సన్నని తీగలు ఉంటాయి. అడుగు ఏ దశలో ఉన్నదో సెన్సార్లు గ్రహిస్తాయి. వెనుక తీగ మడమను లాగి శరీరాన్ని ముందుకు నెట్టే బలమిస్తుంది. ముందు తీగ వేళ్ళను పైకెత్తుతుంది. 2017లో హార్వర్డ్ బృందం ప్రచురించిన పరీక్షలో నడకకు ఖర్చయ్యే శక్తి సుమారు 10 శాతం తగ్గింది. అయితే అందులో పాల్గొన్నది తొమ్మిదిమందే. 2019లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ రీస్టోర్‌ను చికిత్సా కేంద్రాలలో, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఇచ్చే శిక్షణకు అనుమతించింది. తొడుక్కుని రేవుకు పోయేందుకు కాదు.

ఇటువంటి యంత్రాలపై జరిగిన 62 పరీక్షలను 2020లో కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. ఫిజియోథెరపీతో కలిపి వాడినప్పుడు ఇతరుల సాయం లేకుండా నడవగలిగే అవకాశం పెరిగింది. నడక వేగంలో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు. ఎక్కువ మేలు పొందినది, జబ్బు చేసిన తొలి మూడు నెలలలో ఉన్నవారు, అప్పటికి నడవలేనివారు. మన ఇళ్ళలో ఆ మూడు నెలలు ఎలా గడుస్తున్నాయి? తైల మర్దనలతో, పసరు వైద్యుని కోసం వెదుకులాటతో, “అబ్బాజాన్, మీరు కదలకండి, మేము తెస్తాం” అనే ప్రేమతో. ఆ ప్రేమను మేము తప్పుపట్టడం లేదు. కాని మెదడు పోగొట్టుకున్న నడకను తిరిగి నేర్చుకునేది అడుగులు వేయడం ద్వారానే. యంత్రం చేసేదీ అదే: అలసిన మనిషి చేత మరికొన్ని అడుగులు సరిగా వేయించడం.

కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ ‘జి-గైటర్’ అనే నడక శిక్షణ యంత్రాన్ని తయారుచేసింది. మ్యాన్‌హోళ్ళను శుభ్రపరిచే రోబో బ్యాండికూట్ కూడా వారిదే. తిరువనంతపురం ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో జి-గైటర్ పేదలకూ అందుబాటులోకి వచ్చింది. అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి అటువంటిది కోరడం అత్యాశ కాదు. అయితే యంత్రం కంటే ముందు, రోగి ఇంటి నుండి ఆటోలో పోయి రాగలిగినంత దూరంలో ఒక ఫిజియోథెరపిస్టు కావాలి. యంత్రం నడిపేదీ ఆయనే కదా!

పాదం వ్రేలాడకుండా బూటులో అమర్చుకొనే ప్లాస్టిక్ పట్టీ ఒకటున్నది. మోటారు లేదు, తీగలు లేవు. రోబోతో పోలిస్తే ధర స్వల్పం. ఎందరికో అదే సరిపోతుంది. కొలత సరిగా లేకుంటే చర్మం ఒరుసుకొని పుండు పడుతుంది, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి. కనుక నిపుణుని చేతనే కొలిపించాలి.

కూర్చొని నమాజు చేసుకొనే వెసులుబాటును ధర్మం రోగికి ఇచ్చింది. వజూ కోసం లేచి నడిచే అవకాశాన్ని ఇంటివారు తీసివేయరాదు. వైద్యుడు నడవవచ్చునన్న తరువాత తడి లేని నేల మీద, రోజుకు కొన్నిసార్లు, ఆయనను నడవనివ్వండి. తోడుండేవారు చచ్చుబడిన ప్రక్కనే నిలబడి నడుము వద్ద ఆసరా ఇవ్వాలి. ఆ చేతిని పట్టి లాగకూడదు. భుజం కీలు జారుతుంది.