ఆగస్టు 10న ఏం కట్టుకుంటాం?

ఆగస్టు 9 దగ్గర పడుతుంటే మన బట్టలకు గిరాకీ పెరుగుతుంది. ఐటీడీఏ ఆఫీసు ముందు వేదిక వేస్తారు. కొమ్ముల కిరీటాలు వస్తాయి, డోళ్ళు వస్తాయి, గుస్సాడీల నెమలి ఈకల టోపీలు వస్తాయి, అరకు వైపైతే థింసా ఆడే ఆడవాళ్ళు వస్తారు. తెల్ల పంచె కట్టి, తలకు రుమాలు చుట్టుకున్న మన పెద్దలను ముందు వరుసలో కూర్చోబెడతారు. మంత్రిగారు వస్తే ఆయన తలకు కూడా కొమ్ములు పెడతారు, ఫోటో దిగుతారు. మర్నాడు 10వ తేదీ. అదే పంచె, అదే రుమాలుతో మన ఉద్యోగి ఒకరు ఏ ప్రభుత్వ ఆఫీసుకైనా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది?

ఏమవుతుందో మాకు తెలుసు. మేము ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ ఉపాధ్యాయులం. మాలో ఒకరు మండల సమావేశానికి పంచె కట్టుకొని, రుమాలు చుట్టుకొని వెళ్ళారు. పై అధికారి చూసి, "ఏం మాస్టారూ, ఇవాళ డ్యాన్సు ప్రోగ్రాం ఉందా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ అధికారి దుర్మార్గుడని మేము అనడం లేదు. ఆయన బుర్రలో మన బట్ట అంటే డ్యాన్సు, పని అంటే ప్యాంటు. అంతే. కానీ ఆ "అంతే" దగ్గరే మా గొడవ.

పంచె అంటేనే చిన్నచూపా అంటే అదీ కాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా పంచెకట్టుతోనే అసెంబ్లీకి వెళ్ళారు. ఢిల్లీకి వెళ్ళారు. దాన్ని అందరూ తెలుగుదనం అన్నారు, హుందాతనం అన్నారు. సంతలో అదే కొలత పంచె కొని గోండు మాస్టారు కట్టుకుంటే అది వెనకబాటుతనం. రెండు పంచెల్లోనూ నూలు ఒకటే. తేడా నడుములో ఉంది.

ఈ మాట వచ్చినప్పుడల్లా మాకు స్కాట్లాండు గుర్తొస్తుంది. బ్రిటన్‌లో ఉత్తర భాగాన ఉన్న దేశం అది. అక్కడి కొండసీమను హైలాండ్స్ అంటారు. ఆ కొండజనానిది గేలిక్ భాష. వాళ్ళ మగవాళ్ళ కట్టు కిల్ట్: మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ ఉన్ని బట్ట, వెనక కుచ్చిళ్ళు పెట్టి నడుముకు చుట్టుకుంటారు. ఫోన్లో ఆ బొమ్మ చూసి "మగాళ్ళు గౌను వేసుకున్నారు సార్" అని నవ్వే పిల్లలు మన క్లాసుల్లోనే ఉన్నారు. వాళ్ళకు ఈ కథ చెప్పాలి.

1746లో కల్లోడెన్ అనే చోట తిరుగుబాటు సైన్యం ఓడిపోయింది. అందులో హైలాండ్ కొండజనం చాలామంది ఉన్నారు. అదే ఏడు లండన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆయుధం పట్టడం నేరం, కిల్ట్ కట్టడం కూడా నేరం. పెద్దవాడైనా మగపిల్లాడైనా మొదటిసారి దొరికితే 6 నెలల జైలు. రెండోసారి దొరికితే సముద్రం అవతలి తోటలకు 7 ఏళ్ళ ప్రవాసం. ఉపాధ్యాయులారా, ఇది ప్రత్యేకంగా మీరు వినండి: అదే చట్టంలో బడిపంతుళ్ళ సంగతీ ఉంది. ప్రైవేటు బడి నడిపేవాడు రాజుకు విధేయుడినని ప్రమాణం చేయాలి, బడి పేరు అధికారుల దగ్గర రాయించుకోవాలి. కొండజనాన్ని లొంగదీయాలంటే కత్తి ఒక్కటీ లాక్కుంటే చాలదనీ, బట్టనూ బడినీ కూడా పట్టుకోవాలనీ ఆ పాలకులకు బాగా తెలుసు.

దానికి ఒక మినహాయింపు ఉంది. రాజుగారి సైన్యంలో చేరితే కిల్ట్ కట్టుకోవచ్చు. అంటే సొంత పశువుల వెంట వెళ్ళేటప్పుడు నేరమైన బట్ట, రాజు కోసం చావడానికి వెళ్ళేటప్పుడు గౌరవం. ఆ సైనికుల కిల్ట్ మన దేశానికీ వచ్చింది. 1857లో లక్నో మీద పడిన పటాలాల్లో 93వ సదర్లాండ్ హైలాండర్లు ఉన్నారు, కిల్టులతోనే.

నిషేధం 1782లో ఎత్తేశారు. చట్టం వచ్చిన రోజు పదేళ్ళ పిల్లాడు అప్పటికి 46 ఏళ్ళ మనిషి. మధ్యలో కట్టడం మరిచిపోవడానికి ఒక జీవితకాలం సరిపోయింది. ఆ తర్వాతే అసలు విచిత్రం. 1822లో రాజు నాలుగో జార్జ్ ఎడింబరోకు వచ్చాడు. రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి వేడుకలు నడిపించాడు. రాజుగారు స్వయంగా కిల్ట్ కట్టి, కాళ్ళకు ఒంటిరంగు మేజోళ్ళు తొడిగి దర్బారు చేశాడు. మైదానాల ధనవంతులంతా గళ్ళ బట్టల కోసం దర్జీల దగ్గర వరుస కట్టారు. మంత్రిగారి తల మీద కొమ్ముల కిరీటం చూసినప్పుడల్లా మాకు ఆ మేజోళ్ళే గుర్తొస్తాయి.

మరి ఆ కాలంలో కొండజనం ఎక్కడున్నారు? భూముల మీద నుంచి వాళ్ళను తరిమేస్తున్నారు. గొర్రెల మేతకు ఇస్తే కౌలు ఎక్కువ వస్తుందని దొరలు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇళ్ళ కప్పులు తగలబెట్టారు. జనం సముద్రతీరాలకు, కొందరు కెనడాకు పోయారు. గ్లెన్‌గారీ దొర ఉండేవాడు, మెక్‌డొనెల్. 1815లో నిజమైన హైలాండర్ల సంఘం అని ఒకటి పెట్టాడు. నిలువెత్తు చిత్రంలో పూర్తి హైలాండ్ వేషంలో నిలబడి ఉంటాడు. తన కౌలుదార్లను భూమి మీద నుంచి వెళ్ళగొట్టినవాడూ ఆయనే. బట్టను నెత్తిన పెట్టుకున్నారు, బట్ట కట్టిన మనిషిని నేల మీద నుంచి లేపేశారు. పోలవరం ముంపులో ఊళ్ళు పోయిన కోయల సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకంటే వివరించాలా? వాళ్ళ కొమ్ము నృత్యం మాత్రం ఏ సభలోనూ మునిగిపోలేదు.

ఇవాళ కిల్ట్ స్కాట్లాండు జాతీయ దుస్తు. పెళ్ళికి కడతారు, పండుగకు కడతారు, ఫుట్‌బాల్ మ్యాచికి కడతారు. మామూలు మంగళవారం ఆఫీసుకు కట్టుకు వెళ్ళేవాళ్ళు తక్కువ. ఏ పనికి పుట్టిన బట్టో ఆ పని నుంచి తప్పించి, ఊరేగింపుకు పెట్టారు. మన బట్ట కూడా అదే దారిలో పోతోంది. ఇంకా పూర్తిగా పోలేదు కనక మాట్లాడుతున్నాం.

మనవాళ్ళే వేసే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "తాతలు గోచీ పెట్టింది పేదరికం వల్ల. చదువుకొని ప్యాంటు వేసుకున్నాం. మళ్ళీ వెనక్కి పొమ్మంటారా? అంబేడ్కర్ సూటు వేసుకోలేదా?" ఈ ప్రశ్న చిన్నది కాదు. అంబేడ్కర్ సూటు వేసుకున్నారు, దాన్ని మేము ప్రేమిస్తాం. తన జనానికి మంచి బట్ట కట్టే హక్కే లేదన్న సమాజం ముఖం మీద వేసుకున్న సూటు అది. జైపాల్ సింగ్ ముండా కూడా ఆక్స్‌ఫర్డులో చదివిన మనిషే, 1928 ఒలింపిక్స్ హాకీ జట్టుకు కెప్టెన్. ఆయనే 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి నేను జంగ్లీనని చెప్పుకున్నాడు. ఎవరు ఏది వద్దంటున్నారో చూసి దాన్ని చేతిలోకి తీసుకోవడం వాళ్ళ పద్ధతి. ఇవాళ మనల్ని ప్యాంటు వేసుకోవద్దని ఎవరూ అనడం లేదు. వద్దంటున్నది రెండోదాన్ని. మా ఇళ్ళల్లో ప్యాంట్లు ఉన్నాయి, ఉంటాయి. వాటిని తగలబెట్టమని మేము చెప్పం.

"మన పంచె మనం నేసింది కూడా కాదు కదా, దానికి ఇంత పట్టుదలా?" అని ఇంకొకరు. నిజమే. గోండులమూ కోయలమూ మగ్గం మీద కూర్చున్నవాళ్ళం కాదు. నేతకానివాళ్ళు, సాలెవాళ్ళు నేసింది సంతలో కొని కట్టాం. అయితే ఏం? ఇప్పటి పొట్టి కిల్ట్‌ను కూడా గ్లెన్‌గారీ అడవి కట్టెతో ఇనుము కరిగించిన రాలిన్‌సన్ అనే ఇంగ్లీషు వ్యాపారి, తన కూలీలకు పనిలో అడ్డం రాకుండా కుట్టించాడని ఒక కథనం ఉంది. స్కాట్లాండులో దాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ నమూనా అన్నది కూడా చాలావరకు 19వ శతాబ్దంలో, బట్టల వ్యాపారుల చేతుల్లో స్థిరపడిందే. బట్ట ఎంత పాతదన్నది కాదు, అందులో ఎవరు బతికారన్నది లెక్క. మన తాతలు ఆ పంచెలో దున్నారు, పోడు కొట్టారు, నాగోబా దగ్గర మొక్కారు, చెట్టు కింద పంచాయితీ చేశారు. మార్లవాయిలో 1940ల్లో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. భాష బడిలో అడుగు పెట్టగలిగినప్పుడు బట్ట గుమ్మం బయట ఎందుకు నిలబడాలి?

పని సంగతే తీసుకుందాం. జులైలో వాగులు పొంగుతాయి. బడికి రెండు వాగులు దాటాల్సిన మాస్టారు ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, బూట్లు చేత పట్టుకొని దాటి, తడిసిన ప్యాంటుతో సాయంత్రం దాకా పాఠం చెబుతాడు. పంచె ఎగ్గట్టి దాటితే గంటలో ఆరిపోతుంది. ఈ నేలకు తగ్గ బట్ట ఏదో ఈ నేల మీద నడిచినవాళ్ళు ఎప్పుడో తేల్చారు. (బూట్ల సంగతి వేరే వ్యాసంలో మాట్లాడదాం.)

ఆడవాళ్ళ విషయం మరీ మెలికగా ఉంది. టీచరమ్మలు చీరే కడతారు కదా, గొడవేముంది అంటారు. చీరే, కానీ ఏ కట్టు? అమ్మమ్మ పిక్కల పైకి కట్టి, భుజం మీద ముడి వేసుకున్న చీరను మైదానపు కట్టులోకి మార్చుకుంటేనే స్టాఫ్ రూంలో కుర్చీ. నుదుటి మీద పచ్చబొట్టు ఉన్న పిల్ల ఫోటో దిగేటప్పుడు జుట్టు ముందుకు లాక్కుంటుంది. లంబాడా చెల్లెలు ఫేటియా కాంచళీ ఇంట్లో పెట్టి పనికి బయల్దేరుతుంది. 2017లో ఢిల్లీలో ఒక పెద్ద క్లబ్బుకు అతిథిగా వెళ్ళిన ఖాసీ స్త్రీని, ఆమె కట్టుకున్న జైన్‌సెమ్ పనిమనిషి బట్టలా ఉందని భోజనాల బల్ల దగ్గర నుంచి లేపారు. ఆమె తన కట్టులో లండన్ దాకా వెళ్ళి వచ్చిన మనిషి. అడ్డం ఢిల్లీలోనే వచ్చింది.

మన పిల్లలు ఏం చూస్తున్నారో కూడా చూడండి. పట్నంలో ఫ్యాన్సీ డ్రెస్ అద్దె కొట్టుకు వెళ్ళి ట్రైబల్ డ్రెస్ అడిగితే ఆకుల గౌను, ప్లాస్టిక్ ఈకలు, మొహానికి నల్లరంగు ఇస్తారు. ఎక్కడా ఎవరూ కట్టని బట్ట అది. ఆ వేషంలో ఎగిరే పిల్లాడికి వెనక "జింగలాల" పాట. ఆ పిల్లాడి ముందు, రోజూ, సుద్దముక్క పట్టుకొని లెక్కలు చెప్పే మనిషి ఒకరు పంచె, రుమాలుతో నిలబడితే ఆ అద్దె కొట్టు అబద్ధం దానంతటదే బయటపడుతుంది. దీనికి ప్రాజెక్టూ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.

జీవో 3ను కొట్టేసిన 2020 ఏప్రిల్ తీర్పులో సుప్రీంకోర్టు, ఆదివాసులను మానవ జంతుప్రదర్శనలా, నాట్య వినోదంలా చూడకూడదని కూడా అన్నది. మంచి మాట. అదే తీర్పు మన జీవన విధానాన్ని ఆదిమమైనదని కూడా అన్నది. జంతుప్రదర్శన వద్దంటే దానికి మార్గం మనల్ని మన బట్టల్లోంచి బయటికి తీయడం కాదు, ఆ బట్టల్లోనే కుర్చీ మీద కూర్చోనివ్వడం.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాం. దీన్ని ఎవరూ ఆర్డరుగా మార్చకూడదు. భూటాన్‌లో ఆఫీసుకూ బడికీ సంప్రదాయ దుస్తు, మగవాళ్ళకు ఘో, ఆడవాళ్ళకు కిరా, తప్పనిసరి. వినడానికి ముచ్చటగా ఉంటుంది. 1989లో ఆ నియమాన్ని దక్షిణాన ఉన్న నేపాలీ మాట్లాడే జనం మీద కూడా రుద్దారు. ఆ తర్వాత ఏళ్ళలో వాళ్ళు వేలకు వేలు శరణార్థులై దేశం దాటారు. మన సంఘాలు కూడా రేపు "పంచె కట్టనివాడు ఆదివాసీ కాదు" అని మొదలుపెడితే మేము ప్యాంటు వేసుకొని వెళ్ళి అడ్డం నిలబడతాం.

ఆర్డర్లు వచ్చే కాలమే ఇది. అస్సాం 2023 మేలో, మహారాష్ట్ర 2024 మార్చిలో ఉపాధ్యాయులకు దుస్తుల నియమాలు పెట్టాయి. మహారాష్ట్రలో మగ టీచర్లకు ప్యాంటు, ఇన్‌షర్టు. అస్సాంలో స్త్రీలకు చీర, సల్వారుతో పాటు మేఖలా చాదర్ పేరు రాశారు. మగవాళ్ళకు షర్టు ప్యాంటు మాత్రమే రాశారు. ఎవరి బట్ట పేరు కాగితం మీదికి ఎక్కుతుందో చూశారా? న్యూజిలాండ్ పార్లమెంటులో 2021 ఫిబ్రవరిలో రవిరి వైటిటి అనే మావోరీ సభ్యుడు టై బదులు తన జాతి పతకం మెడలో వేసుకొచ్చాడు. సభ నుంచి బయటికి పంపారు. రెండు రోజులు తిరక్కుండానే టై నియమం పోయింది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళూ, మేము కోరేది రెండు పనులు. మన ప్రాంతానికి అలాంటి దుస్తుల ఉత్తర్వు ఎప్పుడు వచ్చినా అందులో "ఆదివాసీ తెగల సంప్రదాయ దుస్తులు" అన్న మాట ఉండాలని ఇప్పుడే ఉపాధ్యాయ సంఘాల్లో తీర్మానం పెట్టండి, వచ్చాక పరిగెత్తడం కాదు. రెండోది, ఆగస్టు 9న వేదిక ఎక్కడానికి కట్టుకుంటే కట్టుకోండి, 10న బడికి కూడా కట్టుకు వెళ్ళండి. ఒక్కరే వెళ్తే నవ్వుతారు. మండలంలో ఆరుగురు కలిసి వెళ్ళండి. ఎవరైనా అధికారి ఎందుకని అడిగితే, ఏ నియమం కింద అడుగుతున్నారో మెమో రూపంలో రాసి ఇమ్మనండి. ఆ కాగితం నకలు మాకు పంపండి.