పులిపిరి అన్నదల్లా పులిపిరి కాదు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా పెద్దమ్మ కొడుకు బుగ్గ మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. "ఏట్రా అది?" అంటే కాసేపు నసిగాడు. గడ్డం దగ్గర చిన్న చిన్న పొక్కులు లేచాయట. పులిపిర్లు అని ఎవరో చెప్పారట. జీడిపిక్కల నూనె సంపాదించి అగ్గిపుల్లతో అద్దేశాడు. పొక్కులు పోయాయి, వాటితో పాటు తోలూ ఊడొచ్చింది. వచ్చే నెల్లో పెళ్లిచూపులు.

మా శ్రీకాకుళం వైపు ఇదేం కొత్త వైద్యం కాదు. జీడిపిక్క తొక్కలో ఉండే నూనెలో అనకార్డిక్ యాసిడ్, కార్డాల్ అనేవి ఉంటాయి. మామిడికాయ సొన మూతికి తగిలితే ఎలా పొక్కుతుందో మీకు తెలుసు కదా. జీడిమామిడిదీ అదే కుటుంబం, ఘాటు ఇంకాస్త ఎక్కువ. పలాస, కాశీబుగ్గల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ నూనెకి పులిపిరి ఏదో మంచి చర్మం ఏదో తెలీదు, తగిలిన చోటల్లా కాలుస్తుంది. సున్నం, సోడా కలిపి పెట్టేదీ అంతే.

నన్నడిగితే తిప్పలన్నీ పేరు దగ్గరే మొదలవుతాయి. మెడ మీద వేలాడేదీ పులిపిరే, వేలి మీద గరుగ్గా ఉండేదీ పులిపిరే, బుగ్గ మీద నల్ల చుక్కా పులిపిరే. పేరొకటే కాబట్టి మందూ ఒకటే అనుకుంటాం.

అసలు పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఇందులో రకాలే 200కి పైగా ఉన్నాయి. 1907లో చూఫో అనే ఇటలీ డాక్టరు పులిపిరిని నూరి, వడగట్టి, ఆ రసాన్ని తన చర్మంలోకే ఎక్కించుకుని మరీ ఇది అంటుకునేదని చూపించాడు. అంత తెగువ మనకెందుకు గానీ, చిన్న గాటు ఉన్నచోట వైరస్ దూరుతుందని గుర్తుంచుకుంటే చాలు. దూరిన వారాలకో నెలలకో గానీ బయటపడదు, అందుకే ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలీదు.

నాకైతే తెలుసనే అనుకుంటున్నా. విజయనగరంలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ బాత్రూముల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాణ్ని. మూడో ఏడాదిలో అరికాలిలో గట్టిగా ఏదో తగిలింది. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కాను. రక్తం వచ్చింది. వారం ఆగి మళ్లీ చెక్కాను. ఆర్నెల్లకి ఒకటి కాస్తా ఐదైంది. లాగ్స్ చూడకుండా కోడ్ మార్చేవాళ్లని ఇప్పుడు ఆఫీసులో తిడుతుంటాను గానీ, ఆ రోజు నేను చేసిందీ అదే.

చూడాల్సింది ఏంటంటే, ఫోన్ టార్చి వేసి కెమెరా జూమ్ చేయండి. అరికాలి మీదా, వేళ్ల మీదా ఉండే సన్నని గీతలు పులిపిరి దగ్గరికొచ్చి పక్కకి తప్పుకుంటాయి, దాని మీదుగా పోవు. లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటిని 'వేళ్లు' అంటారు మనవాళ్లు, నిజానికి అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. అందుకే చెక్కితే రక్తం వస్తుంది. ఆనెకాయలో ఈ చుక్కలుండవు, నడిమధ్యలో గట్టి బొడిపె ఉంటుంది. ఇంకో గుర్తు: పైనుంచి నొక్కితే నొప్పి పుట్టేది ఎక్కువగా ఆనెకాయ, రెండు పక్కల నుంచి పట్టి పిండితే నొప్పి పుట్టేది ఎక్కువగా పులిపిరి. చిన్నవి చాలా ఒకేచోట పలకలా అతుక్కుంటే అదీ అరికాలి పులిపిరిలో ఒక రకమే. నాది ఆ దారిలోనే పోయేది.

చేతి వేళ్ల మీద వచ్చేది అందరికీ తెలిసిన రకం, కాలీఫ్లవర్ ముక్కలా గరుగ్గా ఉంటుంది. గోళ్లు కొరికేవాళ్లకి గోరు చుట్టూ వస్తుంది, వదిలించుకోవడం కష్టం. కనురెప్ప, పెదవి, మెడ దగ్గర సన్నగా దారప్పోగుల్లా పైకి లేచేవి ఇంకో రకం. మా తమ్ముడికి వచ్చినవి చదును రకం. ఆవగింజంత సైజు, పైన నున్నగా, చర్మం రంగులోనో కాస్త గోధుమ రంగులోనో ఉంటాయి. వాడు రోజూ గీక్కునేవాడు, రేజరు పోయిన దారినే వరసగా మొలిచాయి. అలా కనిపిస్తే షేవింగ్ ఆపి గడ్డం వదిలేయండి. రేజరు, గోళ్ల కట్టరు ఇంకొకరికి ఇవ్వకండి.

చెప్పడానికి మొహమాటపడేది ఒకటుంది. మర్మాంగాల దగ్గర వచ్చేవి ఎక్కువగా 6, 11 నంబరు హెచ్‌పీవీ వల్ల, కలయికతో అంటుకుంటాయి. షాపులో కొన్న యాసిడ్ గానీ నూనె గానీ అక్కడ పెట్టకూడదు, డాక్టరుకి చూపించాల్సిందే. సిగ్గుపడి దాచుకుంటే భాగస్వామికీ అంటుకుంటుంది.

చేతులకీ కాళ్లకీ వచ్చిన మామూలు పులిపిరికి మెడికల్ షాపులో శాలిసిలిక్ యాసిడ్ కలిసిన మందు దొరుకుతుంది. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తబడిన తోలు గీరి, దాని మీద మాత్రమే పడేలా రోజూ రాయాలి. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మొహం మీద వద్దు, షుగరున్నవాళ్లు కాళ్లకి సొంతంగా రాసుకోవద్దు. తగ్గకపోతే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి తీస్తారు, నావి అలాగే పోయాయి. చిన్నపిల్లల్లో అయితే మూడింట రెండు వంతులు రెండేళ్లలో వాటంతటవే పోతాయి. ఆ రెండేళ్లలో ఏ ఆకు పసరు రాసినా పేరు దానికే!

నల్లగా ఉండి పెరుగుతున్నదీ, రంగులు మారుతున్నదీ, ఊరికే రక్తం కారేదీ, అరికాలిలో కొత్తగా వచ్చిన నల్ల మచ్చా చేత్తో ముట్టుకోకుండా చూపించండి. చర్మ క్యాన్సర్ కూడా అలా కనిపించొచ్చు.

తమ్ముణ్ని శ్రీకాకుళంలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే అమ్మ కూడా బయల్దేరింది, మెడ మీద పులిపిర్లు తీయించుకుంటానని. తమ్ముడికి కాలిన చోట రాయడానికి క్రీము ఇచ్చి, ఎండ తగలనివ్వొద్దన్నారు. మచ్చ తేలిపోవడానికి నెలలు పడుతుందట. అమ్మ మెడ చూసి, ఇవి పులిపిర్లు కావు, వైరస్సూ కాదు, మెత్తగా వేలాడే తోలు ముక్కలంతే అన్నారు. బుగ్గల మీది నల్ల చుక్కలు కూడా వంశంలో వచ్చేవేనట. అయితే మెడ ముడతల్లో తోలు నల్లగా, మందంగా ఉండడం చూసి, షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించారు అని అడిగారు. ఎప్పుడూ చేయించలేదు. చేయిస్తే ఎక్కువే వచ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నడుస్తోంది, కాఫీలో పంచదార మానేసింది. జీడి నూనె సీసా మాత్రం పారేయనివ్వట్లేదు. "ఉండనీరా, ఎవరికైనా పనికొస్తాది" అంటోంది.