తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

పెళ్ళి సంబంధం కుదర్చాలంటే మనవాళ్ళు ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు. అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ తిరగేస్తారు. మేనమామ ఎవరని అడుగుతారు. పక్కవీధిలో కాపరమున్న వాళ్ళచేత ఆరా తీయిస్తారు. అంతా అయ్యాక కూడా "ఎందుకైనా మంచిది, ఇంకొకరిని అడుగుదాం" అంటారు. అలాంటి మనం, వీధి తలుపు తాళానికీ, దాన్ని ఆడించే పెట్టెకీ సంబంధం కలపాల్సి వచ్చేసరికి ముక్కూ మొహం తెలియని కుర్రాణ్ణి పిలిచి, "త్వరగా కానీ నాయనా, కాఫీ చల్లారిపోతోంది" అంటున్నాం!

కోప్పడకండి. నేను అన్నదీ ఆ మాటే. ముందు నా ఇంటి సంగతి చెప్పుకుని, ఆ తరవాతే ఎవరినైనా తిడతాను.

పోయిన దసరాలకి మావారు ముచ్చటపడి వీధి తలుపుకి తాళంచెవి లేని తాళం పెట్టించారు. ఫోనులో నొక్కితే తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితే మూసుకుంటుంది. ఈ తాళమూ, హాల్లో నాలుగు దీపాలూ టీవీ పక్కన పెట్టిన అరచేతంత పెట్టె మాట వింటాయి. దాని పేరు హబ్. వాటి మధ్య వైరు ముక్క ఉండదు. అంతా గాలిలో కబుర్లే. బిగించడానికి వచ్చిన కుర్రాడు తాళం మీద ఏదో మీట నొక్కాడు. ఫోను తెర మీద 'అయిదంకెల పిన్ కొట్టండి' అని వచ్చింది.

"ఇదో తతంగం సార్. కార్డు వెతకాలి, నంబరు చూడాలి, తప్పు కొడితే మళ్ళీ మొదటికొస్తుంది. పాత పద్ధతిలో కలిపేస్తాను, చిటికెలో అయిపోతుంది" అన్నాడు.

మావారు సరేనన్నారు. చిటికెలో అయిపోయే పనంటే ఆయనకి మహా ఇష్టం, అది ఇంటిపనైతే మరీను.

"ఆ కార్డేవిటి బాబూ?" అన్నాన్నేను.

"మీకెందుకు ఆంటీ, అదంతా టెక్నికల్" అన్నాడు.

థర్మోకోల్ ముక్కలతోపాటు ఆ కార్డుని చెత్తబుట్టలో వేసింది మాత్రం నేనే. ఇల్లు నీటుగా ఉంచుకునే ఇల్లాలిని కదా!

సంక్రాంతికి మా చెల్లెలి కూతురు వచ్చింది. ఇంజనీరు పిల్ల. వాళ్ళ పెదనాన్న గొప్పగా తాళం చూపిస్తూ ఫోను చేతికిచ్చారు. ఆ పిల్ల అటూ ఇటూ నొక్కి, "పెద్దమ్మా, ఇది ఎస్-టూ తాళం. దీన్ని ఎస్-జీరోలో కలిపారేవిటి?" అంది. నేను చదివింది బి.ఏ. నాకు అర్థమయ్యేలా చెప్పు తల్లీ అన్నాను. చెప్పింది. ఎంత తేలిగ్గా ఉందంటే, ఇంత మాత్రానికా ఆ కుర్రాడు 'టెక్నికల్' అన్నాడు అని ఒళ్ళు మండింది.

గాలిలో మాట్లాడుకునేది ఎవరైనా వినొచ్చు. అందుకని హబ్ తన పరికరాలకి ఒక రహస్యపు తాళంచెవి ఇస్తుంది. ఆ తరవాత అవన్నీ ఆ గుప్తభాషలోనే మాట్లాడుకుంటాయి. బాగానే ఉంది. కానీ మొట్టమొదటిసారి ఆ తాళంచెవిని అందించడం ఎలా? అదీ గాలిలోనే కదా పోవాలి! మా తాళం మాట్లాడే భాష పేరు జెడ్-వేవ్. అందులో పాత పద్ధతైన ఎస్-జీరోలో ఆ తాళంచెవిని ఒక తాత్కాలికపు పెట్టెలో పెట్టి పంపుతారు. ఆ పెట్టెకి వేసే తాళమేవిటో తెలుసా? పదహారు సున్నాలు! లోకంలో ఉన్న పరికరాలన్నిటికీ అవే పదహారు సున్నాలు. 2013లో ఇద్దరు పరిశోధకులు ఈ గుట్టు బహిరంగంగా విప్పేశారు. అంటే, కలిపే ఆ కాసేపూ దగ్గర్లో ఎవడైనా తగిన రేడియో పెట్టుకుని చెవి ఒగ్గితే, మన ఇంటి తాళంచెవి వాడి జేబులో పడ్డట్టే. మన అమ్మమ్మలు తాళంచెవి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళినా, కనీసం దానిమీద ఓ పూలకుండీ పెట్టేవారు!

కొత్త పద్ధతి ఎస్-టూ. జెడ్-వేవ్ ధ్రువపత్రం కావాలంటే కొత్త సరుకులో అది ఉండి తీరాలని 2017 ఏప్రిల్ నుంచి నియమం. ఇందులో పరికరం తన గుర్తింపుని గాలిలో పంపుతుంది కానీ, అందులో మొదటి అయిదంకెల భాగం దాచుకుని పంపుతుంది. ఆ ఖాళీని పెట్టెలో వచ్చిన కార్డు చూసి మన చేత్తో మనం నింపాలి. ఆ అయిదంకెలూ గాలిలో ప్రయాణం చెయ్యవు. అవి కాగితం మీద నుంచి మన కంట్లోకి, కంట్లోంచి వేలికొసకి వస్తాయి. మధ్యలో దూరి 'నేనే ఆ తాళాన్ని' అని నటించేవాడికి అవి తెలియవు. ఎంత చక్కటి ఏర్పాటు! ఆ కుర్రాడు 'తతంగం' అన్నది దీన్నే. నేను చెత్తబుట్టలో వేసింది దీన్నే.

ఇంకో ముచ్చట వినండి. రెండువైపులా కొత్త పద్ధతి వచ్చినా, కలిపే సమయంలో పక్కనుండి తికమక పెట్టి పాత పద్ధతికి దింపేయొచ్చని 2018లో ఇంగ్లండులో కొందరు నిపుణులు ఒక తలుపు తాళం మీదే చేసి చూపించారు. వాళ్ళు పాపం అంత కష్టపడి దింపారు. మా ఇంట్లో ఆ శ్రమ ఎవరికీ ఇవ్వలేదు. మేమే దిగిపోయాం, కాఫీ ఇచ్చి మరీ!

"ఎవడు వింటాడే? ఆ కాసేపూ మన అపార్టుమెంటు కింద రేడియో పట్టుకుని ఎవడు కూచున్నాడు? అయినా మనింట్లో దోచుకోడానికి ఏముంది?" అన్నారు మావారు.

ఎవడూ కూచోకపోవచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఎవడూ వినలేదని మీకెలా తెలుసండీ? చెక్క తలుపు బద్దలుకొడితే గుర్తు మిగులుతుంది. మారుతాళంచెవి చేయించాలంటే అసలు చెవి కాసేపైనా మాయమవ్వాలి. ఇక్కడ ఏ గుర్తూ మిగలదు. వింటే విన్నట్టు తెలియదు, వినకపోతే విననట్టూ తెలియదు. ఇహ 'ఏముంది' అన్నారే, ఆ మాటకి నేను నొచ్చుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా కునుకు తీసే నేనున్నాను. కాలేజీ నుంచి వచ్చి తలుపేసుకుని చదువుకునే మీ కూతురుంది. తాళమంటే బంగారానికి కాపలా అని మగవాళ్ళు అనుకుంటారు. ఆ తాళం మీద భరోసాతోనే ఆడది ఇంట్లో పైట సర్దుకోకుండా నిద్రపోతుందని వాళ్ళకెవరు చెప్పాలి?

తాళం సరే, దీపానికేం దొంగతనం అంటారా? చాలా దీపాలు మాట్లాడే భాష జిగ్‌బీ. అందులో ఎన్నో ఏళ్ళు మొదటి పరిచయానికి అందరూ వాడిన ఉమ్మడి తాళంచెవి ఏవిటంటే, ఆ సంఘం పేరే: 'జిగ్‌బీఅలయన్స్09'. మొగుడి పేరు, పుట్టినరోజు కలిపి పాస్‌వర్డ్ పెట్టుకునే మనల్ని చూసి నవ్వుతారే, మరి వీళ్ళనేవనాలి? 2016లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లోని పరిశోధకులు డ్రోను ఎగరేసి, ఓ భవనంలోని దీపాల్ని బయటనుంచే తమ చేతుల్లోకి తెచ్చుకుని ఆర్పీ వెలిగించీ చూపించారు. వాళ్ళు చెయ్యి పెట్టింది ఎక్కడో తెలుసా? దగ్గరికి తెచ్చి జత కలిపే ఏర్పాటులో ఉన్న లోపంలోనే.

ఇప్పుడు జిగ్‌బీలోనూ పరికరానికో ప్రత్యేకపు కోడ్ పెట్టే వీలుంది. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ అనే ఉమ్మడి పద్ధతిలోనైతే క్యూఆర్ బొమ్మగానీ 11 అంకెల నంబరుగానీ లేకుండా సంబంధమే కలవదు. అందరికీ ఒకే పాస్‌వర్డుతో సరుకు అమ్మకూడదని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టమే అమలులోకి వచ్చింది. అంటే, తెలివితేటలకేం లోటు లేదన్నమాట. లోటు మర్యాదకి. నంబరుని చీమతలకాయంత అక్షరాల్లో అచ్చువేసి, గోడవైపుకి అతికిస్తారు. పుస్తకం పదకొండు భాషల్లో ఉంటుంది, తెలుగు కనిపించదు. ప్రకటనలో మాత్రం 'నిమిషంలో సిద్ధం' అంటారు. నిమిషంలో సిద్ధమయ్యేది ఉప్మా కూడా కాదు, తాళం అవుతుందిటండీ!

అసలు నా బాధ ఇంకొకటుంది. మా అత్తగారి బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది. ఆవిడ నడుస్తుంటే గలగలమని చప్పుడు. ఆ గుత్తి నా చేతికి వచ్చిననాడు ఇల్లు నాదయిందని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు గలగల లేదు. గుత్తి ఫోనులోకి పోయింది. తాళాన్ని మళ్ళీ సరిగ్గా కలుపుదామని నా ఫోనులోంచి చూస్తే, నాకు ఆ అధికారం లేదని వచ్చింది. ఎందుకంటే అందులో మావారు 'అడ్మిన్'. నేను 'గెస్టు'. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉప్పూ పప్పూ చూస్తున్న నేను గెస్టుని! ఆ కుర్రాడు అడిగింది ఒక్కరి ఫోనే, అదీ అడక్కుండానే మగవారిది. 'మీకెందుకు ఆంటీ' అన్న మాటకి అర్థం అప్పుడు పూర్తిగా తెలిసింది.

తప్పు ఆ కుర్రాడొక్కడిదే అనను. రోజుకి ఇన్ని ఇళ్ళు తిరగాలని వాడి నెత్తిన కూచున్నవాళ్ళు ఎవరో ఉంటారు. కానీ, అమ్మా, మనం కూడా 'మాకేం తెలుసు' అనే చాప కింద హాయిగా దూరిపోయాం. బియ్యంలో రాయి ఏరతాం, పాలవాడి లెక్కలో అణా తప్పు పడతాం, అయిదంకెలు చూసి కొట్టలేమా?

ఆదివారంనాడు నేనూ మా పిల్లా కూచున్నాం. ముందు మావారిచేత నన్నూ అడ్మిన్‌ని చేయించాను. కార్డు ఎప్పుడో చెత్తబండిలో పోయింది కానీ, అదృష్టంకొద్దీ ఆ నంబరు తాళం లోపల, బ్యాటరీ మూత కింద కూడా అంటించి ఉంది. భూతద్దం పెట్టి చదివాను. పాత సంబంధం తెంపేసి, పిన్ కొట్టి కొత్తగా కలిపాం. అంతా పావుగంట పట్టింది. ఆ నంబరు ఫొటో తీసి చుట్టాల వాట్సప్ గ్రూపులో పెట్టబోయిన మావారి చెయ్యి పట్టుకుని ఆపాను. అది ఇప్పుడు బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన, నా డైరీలో ఉంది. ఇల్లు ఖాళీ చేసిననాడు ఆ పరికరాల్ని హబ్ నుంచి విడదీసి మరీ వెళ్ళాలని పక్క పేజీలో రాసుకున్నాను.

మొన్న ఎదురింటి పిన్నిగారింటికి అదే రకం తాళం బిగించడానికి అదే కుర్రాడు వచ్చాడు. నేనూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. తెరమీద పిన్ అడిగింది. వాడు మామూలుగా "పాత పద్ధతిలో..." అన్నాడు.

"కార్డు తియ్యి నాయనా. నంబరు పిన్నిగారు చదువుతారు, నువ్వు కొట్టు. పిన్నిగారి ఫోను కూడా పక్కనే పెట్టుకో" అన్నాను.

"లేటవుతుంది ఆంటీ" అన్నాడు.

"అవనీ. కాఫీ చల్లారితే మళ్ళీ పెడతాను."