బాగే ఆమ్ - అందరి తోట

మన హైదరాబాదులో 'బాగ్' అను మాటతో ముగిసే పేటలు ఎన్నో ఉన్నవి. బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్ అని నిత్యమూ పలుకుతుంటాము. బాగ్ అనగా తోట. కాని అక్కడ తోటను వెదకబోయిన వారికి కానవచ్చేవి మేడలూ, దుకాణాలే. తోట పేరులో మిగిలినది, నేలపై మిగలలేదు.

ఆ గతి పట్టకుండ నిలిచినది నాంపల్లిలోని బాగే ఆమ్. ఇది 1846లో ఏర్పడినదని ప్రసిద్ధి. నేడు పబ్లిక్ గార్డెన్స్ అని వ్యవహరిస్తున్నాము. పాదుషాల కోటలలో దివానే ఆమ్, దివానే ఖాస్ అని రెండు సభలుండేవి. మొదటిది సామాన్యులకు, రెండవది ప్రముఖులకు. ఈ తోట తన పేరుతోనే సామాన్యుని పక్షాన నిలిచినది.

అయితే దీని చరిత్ర అంతా వృక్షముల చరిత్ర కాదు. మీర్ మహబూబ్ అలీఖాన్ నలభయ్యవ జన్మదిన సందర్భమున 1905లో ఇక్కడ టౌన్‌హాలుకు పునాది పడినది. 1913లో పూర్తియైన ఆ భవనమే తరువాత శాసనసభ అయినది. 1930లో పురావస్తు ప్రదర్శనశాల వచ్చినది. ఏడవ నిజాం రజతోత్సవానికి జూబిలీ హాలు వెలసినది. షాహీ మసీదు, జవాహర్ బాలభవన్, లలిత కళాతోరణం ఈ ఆవరణలోనివే. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం కూడ ఇక్కడనే నెలకొన్నది.

వీనిలో అనవసరమైనది ఏది? ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడనే ఉన్నది. తోటను హరించేది ఎల్లప్పుడూ దురాశ మాత్రమే కాదు. సదుద్దేశం కూడ కొంచెం కొంచెంగా హరిస్తుంది. ప్రదర్శనశాలకు టిక్కెట్టు కావాలి, సభకు ఆహ్వానం కావాలి, శాసనసభ ద్వారమున కావలి ఉంటుంది. చెట్టు నీడ మాత్రం ఎవరి పేరూ అడగదు. కనుక చెట్లున్న నేలను 'ఖాళీ స్థలం' అనుట భాషాదోషమే కాదు, ధర్మదోషం కూడ.

మరి అవసరాలు పెరిగితే ఏమి చేయవలె? సమాధానం ఈ తోట చరిత్రలోనే ఉన్నది. ఒకప్పుడు జంతుప్రదర్శనశాల ఇక్కడనే ఉండేది. దానికి విశాలమైన చోటు అవసరమైనప్పుడు మీరాలం చెరువు చెంత వేరొక స్థలం చూపిరి. 1963లో నెహ్రూ జూపార్కు ప్రారంభమైనది. జంతువులకూ మేలు జరిగినది, తోటకూ మేలు జరిగినది.

ఒకరు నాటిన చెట్టు ఫలమును మనిషి తిన్నా, పక్షి తిన్నా అది నాటినవానికి దానఫలమని మన ప్రవక్త బోధ. తెలుగువారు ఉద్యానవనమును సప్తసంతానములలో ఒకటిగా గణించిరి. రెండు సంప్రదాయములు ఒకే మాట చెప్పుచున్నప్పుడు వినకపోవుట మనకు తగదు.

విద్యార్థులారా! మీ మొహల్లాలోని పార్కు ఎప్పుడు ఏర్పడినదో, ఎంత మిగిలినదో పెద్దలనడిగి వ్రాసి ఉంచండి. చరిత్ర తెలిసిన స్థలమును కాజేయుట అంత సులభం కాదు. కళాశాల కమిటీ పెద్దలకు ఒక్క మనవి: మనకు తరగతి గదులు చాలవు, నిజమే. కాని క్రొత్త గదులను మైదానంపై కాక మేడపై కట్టించండి. ఆ మైదానమే మన పిల్లల బాగే ఆమ్.