ఆ అక్షరాలు ఎవరి సొత్తు?



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి నిలబడింది. వాళ్ల పెద్దమ్మ రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేయించుకుని ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నది. "మాస్టారూ, రొమ్ము క్యాన్సరుకు సంబంధించిన జన్యువును ఒక కంపెనీ పేటెంటు చేయించుకుందని మా క్లాసులో చెప్పారండీ. మన ఒంట్లో ఉన్నదాన్ని ఇంకెవరో తమ సొత్తని ఎలా రాయించుకుంటారు?" అని అడిగింది. నిలబడి చెప్పే జవాబు కాదమ్మా, పత్రికలో రాస్తానన్నాను. ఈ నెల శీర్షిక ఆ అమ్మాయి కోసమే.

ముందు ఒక మాట. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుండి 10 మాత్రమే. ఇంట్లో ఒకరికి వచ్చిందని తక్కిన ఆడపిల్లలందరూ బెంగపెట్టుకోనక్కరలేదు. డాక్టరుగారికి కుటుంబ చరిత్ర దాచకుండా చెబితే చాలు, పరీక్ష అవసరమో కాదో ఆయనే చెబుతారు.

ఇక అసలు సంగతి. మన తెలుగుకు యాభైకి పైగా అక్షరాలుంటే, జీవకణంలోని డి.ఎన్.ఎ.కు నాలుగే అక్షరాలు. వాటినే మార్చి మార్చి పేర్చిన వరసలో మన దేహ నిర్మాణమంతా రాసి ఉంటుంది. మనిషికి ఆ అక్షరాలు దాదాపు 300 కోట్లు. పుటకు 3,000 చొప్పున అచ్చువేస్తే 10 లక్షల పుటల గ్రంథమవుతుంది. దాన్ని మొత్తం చదవాలని 1990లో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, జపాను, చైనా దేశాల పరిశోధనశాలలు అందులో పాలుపంచుకున్నాయి.

ఆ పని ఇంకా సాగుతుండగానే తగాదా వచ్చింది. 1995లో ఇంగ్లండులో మైక్ స్ట్రాటన్ అనే శాస్త్రజ్ఞుని బృందం రొమ్ము క్యాన్సరుతో సంబంధమున్న రెండవ జన్యువును, అంటే బి.ఆర్.సి.ఎ.-2ను, 13వ క్రోమోజోములో పట్టుకున్నది. ఆ సంగతి పత్రికలో అచ్చయ్యేలోగానే అమెరికాలోని మిరియడ్ అనే కంపెనీ అదే జన్యువు మీద పేటెంటుకు దరఖాస్తు పెట్టేసింది. మొదటి జన్యువు మీద అప్పటికే పెట్టి ఉంది. దరిమిలా అమెరికాలో ఆ పరీక్ష చేసే హక్కు ఆ ఒక్క కంపెనీదే అయి, పూర్తి పరీక్షకు 3,000 డాలర్ల పైచిలుకు పలికింది. మరో ఆసుపత్రిలో రెండోసారి సరిచూసుకుందామన్నా వీలులేకపోయింది. కంపెనీ డబ్బు పెట్టి పరిశోధన చేసింది కదా, లాభం చూసుకోవద్దా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే పరీక్ష చేసే పనిముట్టు మీద హక్కు అడగడం వేరు, అందరి ఒంట్లోనూ పుట్టుకతో ఉన్న అక్షరాల మీద అడగడం వేరని నా అభిప్రాయం.

కొద్ది నెలలకే, 1996 ఫిబ్రవరిలో, అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా అనే చిన్న ద్వీపంలో ఈ పని చేస్తున్న శాస్త్రజ్ఞులు కూడుకున్నారు. ఇంగ్లండునుండి జాన్ సల్‌స్టన్, అమెరికానుండి బాబ్ వాటర్‌స్టన్ ముందుండి మాట్లాడారు. చదివిన వరస వెయ్యి అక్షరాలు దాటితే చాలు, వీలైతే 24 గంటల్లోగా అందరూ చూసే చోట పెట్టేయాలని అక్కడ ఒప్పుకున్నారు. సల్‌స్టన్ ఆ షరతులను తన చేత్తోనే బోర్డు మీద రాశాడు. లోకానికంతటికీ వెల్లడైపోయిన సంగతిని తర్వాత ఎవరూ "నేనే కొత్తగా కనిపెట్టాను" అని చెప్పుకోలేరు గదా!

శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కష్టపడి రాబట్టినదాన్ని పత్రికలో తమ పేరుతో అచ్చయ్యేదాకా దాచుకోవడం వాడుక. పేరు వస్తేనే ఉద్యోగం, గ్రాంటు. మరి వీళ్లకు ఆ గుణం ఎక్కడినుండి వచ్చింది? ఒక పురుగు దగ్గరనుండి. సల్‌స్టన్, వాటర్‌స్టన్ ఇద్దరూ అంతకుముందు మట్టిలో బతికే మిల్లీమీటరు పొడవు పురుగు మీద పనిచేసేవారు. దాని ఒంట్లో ఉండే కణాలు 959. ఆ పురుగును పరిశోధించేవాళ్లు 1975నుండి తమలో తాము ఒక చిన్న పత్రిక నడుపుకున్నారు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే "పురుగులు పెంచేవాళ్ల గెజెట్". నాకు ఆ పేరు చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. సగం చేసిన పనినీ, ఇంకా అచ్చుకు పోని ఫలితాలనూ అందులో రాసి ఒకరికొకరు పంపుకునేవారు. మన ఊళ్లలో ఒక ఇంట్లో నారు మిగిలితే పక్క చేనుకు పోయినట్టన్నమాట.

1998లో కథ మరో మలుపు తిరిగింది. క్రెయిగ్ వెంటర్ అనే శాస్త్రజ్ఞుడు, మూడేళ్లలో తామే మొత్తం గ్రంథం చదివేస్తామని ఒక కంపెనీ పెట్టాడు. దాని పేరు సెలెరా. వివరమైన సమాచారం కావలసినవారు చందా కట్టాలి. వాళ్ల దగ్గర పెద్ద పెద్ద కంప్యూటర్లున్నాయి. ఇటు ప్రభుత్వాల తరఫు వాళ్ల దగ్గర 2000వ సంవత్సరం నాటికి చదివిన ముక్కలు సుమారు 4 లక్షలున్నాయి గాని, ఏది ముందో ఏది వెనకో తెలియదు. పది లక్షల పుటల గ్రంథాన్ని చింపి, ముక్కలను గోనెసంచిలో కలిపేసినట్టు ఉంది పరిస్థితి.

అప్పుడు కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్ విశ్వవిద్యాలయంలో జిమ్ కెంట్ అనే విద్యార్థి ముందుకొచ్చాడు. విద్యార్థి అంటే కుర్రవాడనుకునేరు, నలభై ఏళ్లవాడు. కంప్యూటరులో బొమ్మలు కదిలించే ప్రోగ్రాములు రాసే పని వదిలేసి, జీవశాస్త్రం చదవడానికి మళ్లీ కాలేజీలో చేరాడు. ఈ ముక్కలన్నీ సరైన వరసలో కూర్చే ప్రోగ్రాము నేను రాస్తానని తన ఆచార్యుడు డేవిడ్ హౌస్లర్‌తో చెప్పి, నాలుగు వారాలు రాత్రింబవళ్లు కూర్చున్నాడు. కీబోర్డు కొట్టీ కొట్టీ మణికట్లు వాచిపోతే రాత్రిపూట మంచు పెట్టుకునేవాడట. దాదాపు 10,000 పంక్తుల ప్రోగ్రాము అయ్యింది. దాన్ని నడపడానికి విశ్వవిద్యాలయం ఇచ్చినవి నూరు మామూలు కంప్యూటర్లు. జూన్ 22న మొదటి కూర్పు పూర్తయింది. సెలెరా కూర్పు ముగిసింది 25న. మూడు రోజులు తేడా!

జూన్ 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ రెండు పక్షాల వారినీ చెరోవైపు నిలబెట్టుకుని ప్రకటన చేశాడు. టీవీలో అది చూసినవారికి కెంట్ పేరు తెలియదు. జూలై 7న శాంతాక్రజ్ వారు ఆ కూర్పును ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేశారు. ఆ మొదటి 24 గంటల్లో శాస్త్రజ్ఞులు తోడుకున్న సమాచారం 50,000 కోట్ల బైట్లు. 2003 ఏప్రిల్‌లో గ్రంథం పూర్తి చేశామని ప్రకటించారు. అప్పటికీ మిగిలిన సందులు పూడేసరికి 2022 వచ్చింది.

పేటెంటు తగాదా మాత్రం అంత త్వరగా తెగలేదు. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో, ప్రకృతిలో ఉన్న డి.ఎన్.ఎ.ను విడదీసినంత మాత్రాన అది పేటెంటుకు తగదని తీర్పు చెప్పారు. ప్రయోగశాలలో తయారుచేసిన నకలు డి.ఎన్.ఎ. సంగతి వేరన్నారు. అమ్మాయీ, నీ ప్రశ్నకు కోర్టు జవాబు ఇదీ.

ఈ అలవాటు మన గడపదాకా ఎప్పుడు వచ్చిందో చెబుతాను. 2020 జనవరి 3న చైనాలోని వూహాన్‌నుండి ఒక రోగి నమూనా షాంఘైలో జాంగ్ యోంగ్‌జెన్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు చేరింది. 5వ తేదీకల్లా ఆయన బృందం కొత్త కరోనా వైరసు అక్షరాలన్నీ చదివింది. దాదాపు 30,000 అక్షరాలు. అనుమతి లేకుండా ఏదీ వెల్లడి చేయరాదని అక్కడి ప్రభుత్వం ఆజ్ఞ. 11వ తేదీ ఉదయం ఆయన విమానంలో కూర్చుని ఉండగా, ఆస్ట్రేలియానుండి మిత్రుడు ఎడ్వర్డ్ హోమ్స్ ఫోను చేసి, ఇప్పుడైనా బయట పెట్టేద్దామా అని అడిగాడు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నాడు. ఆ రోజే అది ఇంటర్నెట్‌లోకి వచ్చింది.

అక్షరాలు తెలిస్తే గాని పరీక్ష తయారుకాదు. మన ముక్కులో పుల్ల పెట్టి చేశారే, ఆ ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష వెతికేది వైరసు వరసలోని కొన్ని ముక్కలనే. జనవరి 30న కేరళలో మన దేశపు మొదటి కేసును పూణేలోని వైరాలజీ సంస్థ ఖాయపరచగలిగిందంటే, ఆ వరస అప్పటికే లోకమంతటి చేతిలో ఉండబట్టే. అమెరికాలో మోడెర్నా కంపెనీ జనవరి 13కే టీకా నమూనా ఖరారు చేసి, మార్చి 16న మొదటి మనిషికి వేసి చూసింది. తర్వాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారు కూడా మన రోగుల్లోని వైరసు వరసలను చదివి అందరితో పంచుకున్నారు.

త్వరగా పంచుకోవడంలో చిక్కులు లేవని నేననను. అదే జనవరి 31న ఢిల్లీలోని కొందరు పరిశోధకులు, ఈ వైరసులో ఎయిడ్స్ వైరసు ముక్కలు చొప్పించినట్టున్నాయని ఒక వ్యాసం పెద్దలు పరిశీలించకముందే ఇంటర్నెట్‌లో పెట్టారు. అంత చిన్న ముక్కలు ఎన్నో జీవుల్లో దొరుకుతాయని ఇతర దేశాల శాస్త్రజ్ఞులు వెంటనే ఎత్తిచూపారు. రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. తప్పు బయటపడింది కూడా అందరి కళ్లముందు పెట్టడం వల్లనే. కాని పుకారును ఎవరు వెనక్కి తీసుకోగలరు? అది మన ఫోన్లలో మరెన్నో రోజులు తిరిగింది.

మరి జాంగ్‌కు ఏమైంది? వరస బయటికి వచ్చిన మరునాడే "సరిదిద్దుకోవడానికి" అంటూ ఆయన ప్రయోగశాలను మూయించారు. 2024 ఏప్రిల్‌లో ఆ ప్రయోగశాలను ఖాళీ చేయమంటే, ఆయన తలుపు బయటే కూర్చుని, అక్కడే పడుకుని నిరసన తెలిపాడు. కొన్ని రోజుల తర్వాత పని కొనసాగించుకోమన్నారు. మనం పరీక్షలు చేయించుకున్నాం, టీకాలు వేయించుకున్నాం గాని, ఆయన పేరు మనలో ఎంతమంది విన్నాం?

ఈ వ్యాసం పోస్టు చేసే ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి వినిపించాను. శాంతాక్రజ్ వారి కూర్పు ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చని చెబితే, అక్కడికక్కడే ఫోనులో 13వ క్రోమోజోము తెరిచి, బి.ఆర్.సి.ఎ.-2 ఉన్నచోటు వెతికి పట్టుకుంది. దాదాపు 84,000 అక్షరాల జన్యువు. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

"ఇది నాదేనంటే?"

"కాదు పెద్దమ్మా, ఇది మాదిరి ప్రతి. నీది చూడాలంటే రక్తం ఇవ్వాలి."

"చూసినందుకు డబ్బులేమైనా అడిగిందా అది?"

"ఏమీ అడగలేదు పెద్దమ్మా."

"అయితే ఇంకొంచెం పైకి జరుపు, చూద్దాం" అంది ఆమె.