నిల్వ సదుపాయంతోనే తీరప్రాంత ఆక్వా రంగానికి సౌర విద్యుత్తు ప్రయోజనం

నెల్లూరు: శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీర మండలాల్లో సౌర విద్యుదుత్పత్తికి ఎండ సమృద్ధిగా ఉన్నప్పటికీ, రొయ్యల సాగుకు విద్యుత్తు అత్యవసరమయ్యేది రాత్రివేళల్లోనే.

పగలు చెరువులోని నాచుజాతి సూక్ష్మజీవులు సూర్యరశ్మితో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి ఆ ప్రక్రియ నిలిచిపోయి, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ సమయంలో ఏరియేటర్లు ఆగితే కొద్ది గంటల్లోనే పంట మొత్తం దెబ్బతినే ప్రమాదమున్నది. డీజిల్ జనరేటర్లు రైతులకు తప్పనిసరి కావడానికి కారణమిదే.

ఒక హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగు, రాత్రి 10 గంటలు తిరగడానికి సుమారు 30 యూనిట్లు అవసరం. ఒక కిలోవాట్ సౌర ఫలకాల నుండి రోజుకు సగటున 4 యూనిట్లు లభిస్తాయి. ఈ లెక్కన 8 కిలోవాట్ల ఫలకాలు ఇంచుమించు సరిపోతాయి. అయితే 30 యూనిట్లకు మించి నిల్వచేయగల బ్యాటరీ లేనిదే ఆ విద్యుత్తు రాత్రి చెరువుకు అందదు.

పగటి మిగులును గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తిరిగి తీసుకొనే విధానం బిల్లు భారాన్ని తగ్గిస్తుంది. కాని రాత్రి డిమాండును ప్రధానంగా తీర్చవలసింది కృష్ణపట్నం వంటి బొగ్గు ఆధారిత కేంద్రాలే. సరఫరాలో అంతరాయం కలిగితే చెరువుకు రక్షణ ఉండదు.

రాష్ట్రస్థాయిలో నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద 2022లో శంకుస్థాపన జరిగిన పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు, మిగులు విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి ఎత్తిపోసి, అవసరవేళ విద్యుత్తును తిరిగి అందించేందుకు ఉద్దేశించినది. గ్రిడ్‌కు అటువంటి ప్రాజెక్టులు, చెరువుగట్టుకు బ్యాటరీలు రెండూ అవసరమే. కావున సౌర విద్యుత్తు పురోగతిని నెలకొల్పిన మెగావాట్లతో పాటు, సూర్యాస్తమయం తరువాత ఎన్ని గంటలు అందించగలదన్న ప్రమాణంతోనూ సమీక్షించవలసి ఉన్నది.