కాలేజీ పిల్లల ఖాతా సంగతి

తెలంగాణ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ వారికి,

మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఈ ఏడే డిగ్రీలో చేరింది. స్కాలర్‌షిప్పు పడాలంటే తన పేరున ఖాతా ఉండాలని వరంగల్‌లో ఒక శాఖకు వెళ్లాం. కనీస నిల్వ అక్కర్లేని ఖాతా కావాలని అడిగితే, "ఆ ఫారాలు అయిపోయాయమ్మా" అన్నారు. పక్క బల్ల మీద బీమా పాలసీ కరపత్రాలు మాత్రం జానెడెత్తు ఉన్నాయి.

కనీస నిల్వ లేని ప్రాథమిక పొదుపు ఖాతాను రిజర్వు బ్యాంకు 2012లోనే తెచ్చింది. దానికి ఏటీఎం కార్డు కూడా ఉచితమే. పదేళ్లు నిండిన పిల్లలను సొంతంగా ఖాతా నడుపుకోనివ్వవచ్చని 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు చెప్పింది. ఈ రెండు ముక్కలూ కౌంటర్ దాకా ఎందుకు చేరలేదో మీరే చెప్పాలి.

మామూలు ఖాతా అంటగడితే ఏమవుతుందో మా వీధిలోనే చూశాను. ఒక కుర్రాడి ఖాతాలో స్కాలర్‌షిప్పు పడింది. పుస్తకాలు కొన్నాక మిగిలిన కాస్త డబ్బూ కనీస నిల్వ లేదన్న కోతలకే పోయింది. పాస్‌బుక్‌లో వరుసగా అవే పద్దులు. బస్‌పాస్‌కు వాళ్లమ్మ చేబదులు తెచ్చింది.

కొత్త పథకాలేవీ అడగడం లేదు. అడ్మిషన్ల నెలల్లో ప్రతి శాఖలో ఈ ఖాతా వివరాలు తెలుగులో బోర్డు మీద పెట్టించండి. ఇవ్వనంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల గడువు ముగిసేలోపే ఆ ఆదేశం శాఖలకు చేరాలి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి